ఉప్పు పద్దు

బేటన్ రూజ్‌లో, మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో
ఎన్నికల విరాళాల కాగితాలు నా బల్లమీదికొస్తాయి.
పేరు, చిరునామా, వృత్తి, మొత్తం.
తప్పులు వెతకడం నా ఉద్యోగం.
పదహారేళ్లయింది. తప్పులుండవు.

సెనేటర్ క్లోవిస్ ఆర్సెనో గారివి మరీ శుభ్రం.
గ్యాస్ కంపెనీ, రెండువేల ఐదొందల డాలర్లు.
కంపెనీ ఉపాధ్యక్షుడు, రెండువేల ఐదొందలు.
ఆయన భార్య, గృహిణి, అంతే.
కొడుకు, విద్యార్థి, పందొమ్మిదేళ్లు,
వాడూ అంతే.
చట్టం గీసిన గీతకి బొటనవేళ్లు ఆనించి
వరసగా నిలబడ్డ కుటుంబం.
ఒక్కరూ దాటరు.

పైపుల కోసం కాలవలు తవ్వినవాళ్లే
వాటిని పూడ్చాలన్న బిల్లు
మార్చిలో కమిటీ ముందుకొచ్చింది.
సెలవు పెట్టి వెళ్లాను,
మా పెదనాన్న కొడుకు తెలెస్ఫోర్ చొక్కా ఇస్త్రీ చేసి పట్టుకుని.
వాడు రొయ్యల పడవ నడుపుతాడు.
మాట్లాడ్డానికి మూడు నిమిషాలిచ్చారు.
ఇది మా తాత తోట, అని ఒక ఫోటో ఎత్తాడు.
ఇదీ మా తాత తోటే, అని ఇంకోటి.
రెండోదాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.
అంతా నీళ్లే గనక ఎవరికీ తెలీలేదు.
వాడికే తెలిసి, సిగ్గుపడి, తిప్పాడు.

సెనేటరు గారు చాలా మర్యాదగా విన్నారు.
సముద్రం పెరగడానికి కారణాలు అనేకం, అన్నారు.
మరింత అధ్యయనం, అన్నారు.
నీళ్లు నమిలారు.
అవి మా తాత తోట నీళ్లే.

బిల్లు ఓడిపోలేదు.
ఓటుదాకా వస్తే కదా ఓడిపోవడం!
భోజనానికి లేచిన ఇద్దరు తిరిగి రాలేదు,
కోరం లేదని దీపాలార్పేశారు.

ఉప్పు తిన్నాక విశ్వాసం ఉండాలి.
ఆయనకుంది, కాదనను.
మా అమ్మమ్మ బావి కూడా తింది ఉప్పు,
పెరట్లో నిమ్మచెట్టు తింది,
ఓక్ చెట్లు తిని, తిని, నిలబడే చచ్చిపోయాయి.
సమాధుల్ని ఇనప తాళ్లతో కట్టేశాం.
అయినా పోయిన తుఫానుకి ఇద్దరు పెద్దవాళ్లు
పక్క బయూదాకా తేలివెళ్లారు.
అప్పట్నుంచి శవపేటిక మూత లోపల
పేరు, చిరునామా రాసి పెడుతున్నాం.

సెప్టెంబరులో ఆయన ప్రచారం మా ఊరొచ్చింది.
గుడారం, అకార్డియన్, ఉచిత భోజనం.
తెలెస్ఫోర్ పళ్లెంలోంచి ఒక రొయ్య తీసి
వాసన చూశాడు, తోక విరిచి చూశాడు.
మనవి కావు, అన్నాడు.
వంటవాళ్ల వెనక అట్టపెట్టెల మీద కాకినాడ అని ఉందట.
అది ఏ దేశమో. అదీ సముద్రం ఒడ్డేనేమో, అన్నాడు.
తర్వాత తిన్నాడు. పొద్దుటినించి ఆకలిగా ఉన్నాడు మరి.
నేనూ తిన్నాను.
ఉప్పు సరిగ్గా సరిపోయింది.

నిన్న ఆ విందు లెక్క నా బల్లమీదికొచ్చింది:
రొయ్యలు, నాలుగొందల పౌన్లు. గుడారం అద్దె. సంగీతం.
రసీదులన్నీ జతచేసి ఉన్నాయి.
తప్పులేవు.
ముద్ర వేశాను.

సాయంత్రం కారెక్కి మా ఊరివైపు బయల్దేరాను.
ఊరి మలుపు దగ్గర రోడ్డు మీద నీళ్లు.
వారం రోజులుగా వాన లేదు.