ఎర్ర రీఫిల్లు

అచ్చుకు పోయేముందు ఆఖరి చూపు నాది.
పోచమ్మమైదాన్ వెనక సందు, ప్రెస్సు మెట్ల కింద
ఒక బల్ల, గొణిగే ఫ్యాను, ఎర్ర రీఫిల్లు.
ముప్పై ఒక్క ఏళ్లు బళ్లో దిద్దిన చెయ్యి
రిటైరయ్యాక కూడా ఊరుకోదు.

ఈసారి వచ్చింది నవల.
రాసినామెది నర్సంపేట వైపు.
కథ చెప్పేవాడు మాత్రం పదహారేళ్ల మొగిలి.
తాత పేరు పెట్టారని ఇంట్లోవాళ్ల మీద కోపం,
కాలేజీలో "మ్యాక్స్" అని చెప్పుకుంటాడు.

మొదటి పేజీలోనే మొదలు.
సైకిల్ పోయింది. లైట్.
లెక్కల్లో పన్నెండు మార్కులు. లైట్ తీస్కో మామా.
నవనీత ఇంకెవడిదో బండెక్కింది. మస్తు లైట్.
ఒక్క అధ్యాయంలో పద్నాలుగు.
పద్నాలుగూ కొట్టేసి "పర్వాలేదు" అని రాశాను.
"కిరాక్" తీసి "అద్భుతం",
"హౌలాగాడు" తీసి "అమాయకుడు",
"వస్తాండు" పక్కన "వస్తున్నాడు".
పేజీ శుభ్రపడింది.

టీ తాగి మళ్లీ చదివితే
ఎవరో పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా,
సైకిల్ పోయినందుకు పర్వాలేదంటున్నాడు.
మొగిలి లేడు.

రెండో అధ్యాయం పెన్ను మూసి చదివాను.
దోస్తుల మధ్య ఉంటేనే వాడి నోట్లో "లైట్",
చప్పబడ్డాక కూడా ఉమ్మెయ్యని బబుల్‌గమ్ లాగా.
అవ్వతో ఎప్పుడూ అనడు.
అవ్వతో "ఏం గాదే" అంటాడు, అన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా.
హన్మకొండ హాస్టల్లో చేరాక, నూటపదో పేజీలో
మొదటిసారి "పోతుండు" అన్నాడు.
మన "పోతాండు" కాదు.
పక్క మంచం పట్నం పిల్లలు నవ్వారని రాయలేదామె,
వీడు సిగ్గుపడ్డాడనీ రాయలేదు.
ఒక దీర్ఘం పోయింది, అంతే.

వాళ్ల బాపు ఎనుమాముల యార్డులో హమాలి.
మిర్చి బస్తా కింద నడుం పట్టేసి కూలబడిన నాడు
వీడు బస్సు దిగి నేరుగా యార్డుకెళ్లి
ఆ కొక్కెం అందుకుంటాడు.
దోస్తు ఫోను: "ఎగ్జాం రా, రేపు."
"లైట్ మామా."
ఎన్నోసారో లెక్క తప్పింది. అక్షరం మారలేదు.
నా కళ్లు మండాయి.
మా సందు దాకా మిర్చి ఘాటు రాదు.

ఆ రాత్రి బస్తాల మీద ఇద్దరూ.
బాపు వాడి భుజానికి నూనె రాస్తుంటే
అన్ని పేజీల్లో ఎక్కడా అనని మాట ఒకటి అంటాడు:
"నొస్తాంది బాపూ."

తాంది.
దీర్ఘం తిరిగొచ్చింది.
ఆ ముందరి "లైట్"లన్నీ నేను దిద్దేస్తే
ఈ ఒక్క మాట ఎవరికి వినపడేది?

పరకాల బడి, ఎనిమిదో తరగతి.
ఆలస్యం ఎందుకైందని అడిగితే
"బర్రె ఈనింది సార్, మా అవ్వ ఒక్కతే ఉండె" అన్నాను.
ఆ "ఉండె"కి అరచేతిలో మూడు.
అప్పట్నుంచి మంచి తెలుగు నేర్చుకున్నాను.
ఎంత మంచిదంటే,
అవ్వ పోయిన తెల్లారుజామున ఫోనులో తమ్ముడితో
"అమ్మ కాలం చేసింది" అంటే
వాడు కాసేపాగి
"ఎవలు మాట్లాడేది?" అన్నాడు.

మొదటి అధ్యాయం మళ్లీ తీశాను.
కొట్టేసిన ప్రతి మాట కింద చుక్కలు,
అంచున "యథాతథంగా ఉంచాలి".
నాలుగైదు చోట్ల పూర్తిగా రాశాను,
తర్వాత "ఉంచాలి",
ఆఖరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే
"ఉండనియ్" అని రాసింది.
దాన్ని దిద్దలేదు.

ప్రెస్సు పిల్లగాడు గ్లాసుల కోసం వచ్చి
"అయిందా సార్?" అన్నాడు.
"అయితాంది."
నవ్వుతాడేమోనని చూశాను.
వాడు గ్లాసులు పట్టుకొని
మెట్లెక్కి పోయిండు.