దీపం ముందు వెళ్తుంది

జొంగుల్దాక్ నుంచి రాత్రి బస్సులో వచ్చాడు సతిల్మిష్ ఉస్తా.
ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు తవ్విన మనిషి
అంకారా ఆస్పత్రిలో, తెల్లటి గచ్చు మీద
బూట్లు విప్పడానికి మొహమాటపడ్డాడు.

కుడి ఊపిరితిత్తి పై భాగంలో ఉసిరికాయంత గడ్డ.
"యంత్రం కోస్తుందట కదమ్మా?
మా గనిలోకీ యంత్రాలొచ్చాయి.
బెల్టు ఒకటి మా నెజాతి చెయ్యి పట్టుకుపోయింది."
యంత్రం కొయ్యదు తాతా,
ఫెరిదే డాక్టరమ్మ కోస్తుంది, దాని చేతులతో, అన్నాను.
"మరి ఆవిడ చేతులేం చేస్తాయి?"

ఆ ప్రశ్నకు జవాబు నాకూ సగమే తెలుసు.

ఆయన తమ్ముడు దుర్సున్‌ని
పందొమ్మిదేళ్ల కిందట ఇదే ఊళ్లో కోశారు.
వీపు నుంచి రొమ్ము దాకా మూరెడు గాటు.
ఎముకల మధ్య ఇనుప జాకీ పెట్టి తిప్పుతుంటే
ఒకటి పెళ్లుమంది.
గడ్డ పోయింది. మనిషి బతికాడు.
బతికినన్నాళ్లూ మళ్లీ ఆ పక్కకి ఒత్తిగిల్లలేదు.
తుమ్ము వస్తే గోడ పట్టుకునేవాడట.

ఇప్పుడు నాలుగు రంధ్రాలు,
ఒక్కోటి వేలు దూరేంత.
ముందు కెమెరా.
గనిలోనూ అంతే కదా,
దీపం ముందు వెళ్తుంది, వెనక మనిషి.
గాలి తీసేసిన ఊపిరితిత్తి ముడుచుకు పడుకుంది,
పలక మీద బొగ్గుతో గీసి తుడిచినట్టు
అన్ని వైపులా నలుపు.

డాక్టరమ్మ గది మూలన కూచుంది,
బూట్లు విప్పి, మేజోళ్లతో పెడళ్ల మీద పాదాలు,
తల ఆ పెట్టెలో దూర్చి.
ఆమెకు ఆయన మొహం కనపడదు.
ఒళ్లు ముట్టుకుంటున్నది నేనొక్కదాన్నే.

ధమనికి అతుక్కుని ఒక నల్ల బిళ్ల.
ఏళ్ల తరబడి ధూళి పేరుకుని
రాయైపోయిన గ్రంథి.
ఆ ఇనుప వేళ్లకి గట్టిదేదో మెత్తనిదేదో తెలియదు.
పొర పాలిపోతే, అంతకు మించి లాగకూడదని
ఆమె కళ్లతో తడిమి తెలుసుకుంటుంది.

అయినా చిరిగింది.
తెర నిండా ఎరుపు.
"నొక్కు" అంది. గుడ్డ ఉండతో నొక్కాను.
"తెరిచే ట్రే?"
ఉంది. పచ్చ గుడ్డ కింద, దుర్సున్ నాటి జాకీకి తోబుట్టువు.

ఐదు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు.
నేను నొక్కుతూనే ఆమె వైపు చూశాను.
యాభై ఎనిమిదేళ్ల మోచెయ్యి వణుకుతోంది.
తెర మీద సూది మొన వణకడం లేదు.
ఆ వణుకెక్కడికి పోయిందో,
తీగల్లో ఎక్కడ ఇంకిందో,
అది మాత్రం యంత్రం చలవే, ఒప్పుకోవాలి.

రెండు కుట్లు. ఆగింది.
ట్రే గుడ్డ తియ్యకుండానే వెనక్కి పంపాను.

సభల్లో లెక్కలు చెబుతారు,
రక్తం తక్కువ, నొప్పి తక్కువ, మంచం మీద రోజులు తక్కువ.
ఆయుష్షు సంగతి అడిగితే
పాత గాటుకీ దీనికీ పెద్ద తేడా లేదని ఒకరు,
ఇంకా చూడాలని ఒకరు.
ఖరీదు సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు.
ఇన్నిసార్లు వాడాక పనిముట్టు పారెయ్యాలి,
లెక్క యంత్రమే పెట్టుకుంటుంది.
గనిలో మనుషులకు ఆ లెక్క ఎవరు పెట్టారో తెలియదు.

మూడో రోజు గొట్టం తీశాం.
ఫొటో చూపించమన్నాడు.
కళ్లద్దాలు పెట్టుకుని, దూరంగా పట్టుకుని,
చాలాసేపు చూశాడు.
"ఇది మా మూడో మట్టమే" అన్నాడు.
రక్తం వచ్చిన చోట గోరు ఆనించి,
"ఇక్కడ దిమ్మ వెయ్యాల్సింది."

వేశారు తాతా, రెండు.

తల ఊపాడు.
ఒకసారి మూలిగి, పళ్లు బిగించి,
కుడి పక్కకి ఒత్తిగిల్లాడు.
నేను దీపం తగ్గించేలోపే నిద్రపోయాడు.
మంచం కింద బూట్లు,
తలుపు వైపు తిరిగి ఉన్నాయి.