నమూనా నిమిషం

ఐదు క్లిప్పులొచ్చినయ్.
ఆరోది రాలె.

గోదావరిఖని, లక్ష్మీనగర్, మెడికల్ షాపు మీది అర్ర.
టేబుల్ ఫ్యాను కంప్యూటర్ మొకానికి తిప్పి
నేను చెమటలు కక్కుతున్న.
'ఈ ఫైలు తెరువరాదు' అంటది.
ఎందుకు తెరువరాదో చెప్పది,
లంచ్ టైమని కిటికీ మూసుకున్న గుమాస్తా లెక్క.

కేబుల్ మార్చిన. కార్డు రీడర్ మార్చిన.
కార్డు తీసి అంగీ అంచుకు తుడిచి మల్ల పెట్టిన.
సాఫ్ట్‌వేర్ బందు జేసి, మిషినే బందు జేసి,
కిందికి పోయి చాయ్ తాగొచ్చి షురూ జేసిన.
ఫైలు పేరు మార్చిన,
జరం తగ్గుతలేదని మా నాయినమ్మ
నాకు రెండుసార్లు పేరు మార్చినట్టు.

ముందటి ఐదూ సక్కగ రాలేదు లే.
సప్పుడొచ్చింది, బొమ్మ రాలె.
బ్యాండు మోగుతుంది, ఎవరో ఆడామె పగలబడి నవ్వుతుంది,
తెర మాత్రం నల్లగ, దీపం ఆరిన బాయి తీరు.
అది కోడెక్ గొడవ: కొత్త కెమెరా గట్టిగ ముడేస్తది,
నా పాత మిషిను విప్పలేదు.
రాత్రి కన్వర్ట్‌కు పెట్టి పండుకున్న.
తెల్లారేసరికి మనుషులొచ్చిండ్రు.

ఆరోదాంట్లనే అసలుదున్నది:
కాంపెల్లి ఓదెలు, ముప్పై నాలుగేండ్ల సర్వీసు,
ఆఖరి షిఫ్టు జేసి బాయి మీదికొచ్చుడు.

యాకూబ్‌కు ఫోన్ జేసిన. ఎనక డీజే.
"స్టాప్ నొక్కకముందే బ్యాటరీ పోయిందన్నా!"

గప్పుడు సమజైంది.
కెమెరా అన్నీ తీసినంక, బందయ్యేటప్పుడు
ఒక చిట్టీ రాసుకుంటది:
ఏ బొమ్మ ఏడున్నది, ఏది ముందు, ఏది ఎనక.
ఆ చిట్టీ రాయకముందే కన్ను మూసింది.
మూడున్నర జీబీ లోపలనే ఉన్నది,
తొవ్వ చూపెటోళ్లే లేరు.

మూడోనాడు ఓదెలే వచ్చిండు.
మెట్లెక్కి, రొప్పుకుంట, స్టూలు మీద కూసున్నడు.
తిడుతడనుకున్న.
"మేం కట్టెతోని కప్పును కొట్టి వినెటోళ్లం బిడ్డా.
ఖంగుమంటే గట్టిది. బోలుగ మోగితే ఉరుకుడే.
నీది ఎట్ల మోగుతుంది?"
"ఇంక కొట్టలే కాకా" అన్న.
అబద్ధం. మూడు దినాలసంది కొడుతనే ఉన్న.

ఒక ఉపాయం మిగిలింది:
గదే కెమెరాతోని, గవే సెట్టింగులల్ల
మంచిగున్న ఒక్క నిమిషం.
దాన్ని చూసి ఖరాబైనదాన్ని కూడగట్టే సాఫ్ట్‌వేరున్నది.
ముందటి ఐదూ పనికిరావు,
బాయి కాడ యాకూబ్ స్లో మోషన్‌కు మార్చిండట.
"ఏం తియ్యాలన్నా?"
"ఏదన్న తియ్యి. నిమిషం తియ్యి. స్టాప్ నొక్కు."

మేకను పంపిండు.
షెట్టర్ కాడ నిలవడ్డ నల్లమేక,
ఎవలిదో రిటైర్మెంటు ఫ్లెక్సీ అంచు నములుతున్నది,
తాపీగ, పింఛను ఖాయమైనట్టు.

అసలు ఫైలు ముట్టకుండ కాపీ తీసి
పక్కకు మేకను పెట్టి బటన్ నొక్కిన.
ముప్పై శాతం. ముప్పై ఒకటి. కరెంటు పోయింది.
కరెంటొచ్చింది. మల్ల సున్న కాడికెళ్లి.

ఓదెలు వచ్చిండు తెర మీదికి.
మొకాన బొగ్గు, మెడల బంతిపూలు,
ఒక్కొక్క రేక ఊగుడు కనవడుతుంది.
సప్పుడు లేదు. స్లో మోషన్ల కెమెరా చెవులు మూసుకుంటది.

స్టూలు మీది ఓదెలు ముందటికి వంగిండు.
"ఇగో, ఇప్పుడు సైరన్."
కొంచెం ఆగి, "హాలర్ తాడు గీరుతున్నది."
"ఇగ గీడ రాజేశం పిలిచిండు, 'మామా' అని."
నేను వాల్యూమ్ మీద చెయ్యి పెట్టి
ఊకెనే పెంచుతున్న.

దీపం ఇప్పనీకి చెయ్యి లేపిండు.
చెయ్యి టోపీని ముట్టలె. అక్కడ అయిపోయింది.
"తర్వాతేమైంది కాకా?"
"ఏమైతది? దీపం ఇచ్చిన, బిళ్ల ఇచ్చిన, ఇంటికి వోయిన."
లేవలె.
"ఆ మేకను ఇంకోపారి పెట్టు."

కార్డు యాకూబ్‌కు ఇంక ఇయ్యలె.
డ్రాయర్ల ఉన్నది, మీద స్కెచ్చుతోని రాసిన:
మేక ఉన్నది. ఫార్మాట్ చెయ్యకు.