తలకట్టు

మా కాలేజీ లైబ్రరీ మొదట్లో గుర్రాలశాల.
నమ్మకపోతే ఎడమ గోడ చూడండి,
పగ్గాలు కట్టిన ఇనప కడియాలు ఇంకా నాలుగున్నాయి.
ఒకదానికి సవరిముత్తు గొడుగు తగిలించేవాడు.
యుద్ధమప్పుడు బియ్యం బస్తాలు దింపారట.
స్తంభం మీద, సున్నం పొరల కింద
ఎవరో బొగ్గుతో రాసుకున్న లెక్క
ముప్పై ఏడు దగ్గర ఆగిపోయింది.
పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి.
ముసురు పట్టినప్పుడల్లా గుర్రాల వాసన తిరిగొస్తుందనేవాడు.
నాకైతే బైండింగు మైదా వాసనే.

పుళియంతోపు నుంచి రెండు బస్సులు మారి వచ్చేదాన్ని.
మా ఇంట్లో తెలుగు నోట్లోనే ఉండేది.
నెల్లూరు వైపు నుంచి మద్రాసు వీధులు ఊడవటానికొచ్చిన తాత
చీపురుతో పాటు తెచ్చుకున్నది అదొక్కటే.
రేషన్ కార్డు తమిళం, బడి తమిళం, నా సంతకం తమిళం.
తిట్టటానికీ ఏడవటానికీ
పేలు చూసేటప్పుడు తల వంచమనటానికీ తెలుగు.
దానికి రాతుందని తెలుసు,
దూరపు చుట్టానికి పెద్ద ఇల్లుందని తెలిసినట్టు.

"వీట్టుల తెలుంగా?" అనడిగాడు సవరిముత్తు
బీకాం మొదటేడు, మొదటి వారం.
జవాబు వినకుండానే అట్టడుగు అర చూపించాడు.
తెలుగు శాఖ మూసేసి అప్పటికే పదేళ్ళు.
అడిగేవాళ్ళు లేని పుస్తకాలు మెట్టు మెట్టుగా కిందికి దిగి
నేల మీద కూర్చున్నాయి.
అతనికి ఒక్క ముక్క చదవటం రాదు,
ఒక్క పుస్తకం తప్పు చోట పెట్టలేదు.
"తల మీద టిక్కు కొట్టినట్టుంటే మీ తెలుగు,
అడ్డగీత గీసినట్టుంటే కన్నడం. ఇందులో ఏముంది?"

చెక్క సొరుగుల్లో కార్డులుండేవి,
ఇంగ్లీషు అక్షరాల్లో టైపు కొట్టిన తెలుగు పేర్లు.
కార్డు ఎడమ చేతిలో, పుస్తకం ఒళ్ళో.
ఈ చప్పుడు ఇదైతే ఈ బొమ్మ ఇదన్నమాట,
అలా ఒక వేసవంతా.
పలకా లేదు, పంతులూ లేడు.
నేను కూడబలుక్కున్న మొదటి మాట చెరకు.
అదొక సాగు పుస్తకం, చివరిసారి ఎవరో తీసుకున్న తేదీ
నేను పుట్టకముందుది.
ఇంటికెళ్ళి నాగూరమ్మవ్వతో అన్నాను,
"సెరుకు కాదవ్వా, చెరకు."
"నమిలి చూడు, రెండూ తియ్యగానే ఉంటాయి" అంది.

కూవం లోపలికొచ్చిన డిసెంబరులో
నీళ్ళు రెండో అర దాకా నిలిచాయి.
ఎవరి పుస్తకాలు మునిగాయో చెప్పక్కర్లేదు.
అప్పటికి నేను బ్యాంకులో, అతను రిటైరయ్యే ఏడు.
ఫోనులో ఏమీ వివరించలేదు. "వా" అన్నాడు.
వెళ్ళేసరికి క్రికెట్ వలల మీద తడి పుస్తకాలు ఆరేసి ఉన్నాయి,
జువాలజీ ల్యాబు ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి.
పేజీకీ పేజీకీ మధ్య పాత దినపత్రిక పెడుతున్నాడు,
కట్టు ఊడి చెల్లాచెదురైన కాగితాల్లో
టిక్కులు చూసి ఏరి, వాటి తల పైకి తిప్పి.
అంకెలున్నంత వరకూ వరస కుదిరింది.
అంకెలు కరిగినచోట
ఇద్దరం కూర్చుని బేరం చేసుకున్నాం.

మరుసటేడు తుపాను పైకప్పు ఎత్తుకెళ్ళింది.
తలకట్టు లేని అక్షరంలా నిలబడింది కొన్నాళ్ళు
ఏ గుడింతం వచ్చి తగులుతుందా అని.
రేకులు వేశారు. ఇప్పుడు లోపల కంప్యూటర్లు,
కడియాలకు కేబుళ్ళు కట్టారు.
కార్డుల సొరుగుల్లో స్విచ్చుల పెట్టె బిగించారు.

పనికిరానివని తూకానికేసిన వాటిలోంచి
చెరకు పుస్తకం కిలో ధరకి తెచ్చుకున్నాను.
ఎనభై ఏడు తర్వాత నూటపన్నెండు వస్తుంది.
మొక్క నాటగానే గానుగ.
పేజీ నిండా దినపత్రిక సిరా అంటుకుని
తెలుగు మీద తమిళం, అద్దంలోలా తిరగబడి.
ఏదో పెళ్ళి ప్రకటన, సగం బంగారం ధర.
అద్దం అక్కర్లేకుండానే
రెండూ చదవగలను,
ఒకదాని మీదుగా ఇంకోటి,
కొంచెం మెల్లగా.