కొమ్ము పలక

పర్లాకిమిడిలో కరెంటు పోయిన రాత్రి
బనమాలి మహారణా గేదెకొమ్ము కాలుస్తున్నాడు.
వీధంతా వెంట్రుకలు మాడిన వాసన.
మెత్తబడ్డ కొమ్ముని రెండు చెక్కల మధ్య పెట్టి
మోకాలితో అదుముతూ అడిగాడు:
"ఏటి టీచరమ్మా, బూమికి తోకుందని
పిల్లలకి చెప్తన్నారట?"

ఉంది మరి.
సూర్యుడి వైపు నుంచి ఒక గాలి కొడుతుంది,
దానికి ఆకు కదలదు.
మన రాత్రి వెనకాల, చంద్రుణ్ణి కూడా దాటి
భూమి అయస్కాంతం జడలా సాగిపోతుంది.
పై పాయ భూమి వైపు, కింది పాయ అవతలికి,
ఒకదానికొకటి ఎదురు.
నడుమ ఒక కరెంటు పొర.
తీగ లేదు, మీటరు లేదు.
తెల్లవారు అంచు నుంచి మునిమాపు అంచుకి
మధ్యాహ్నం మీంచి కాదు,
నడిరాత్రి మీంచి పారుతుంది.

ఆ గాలి మోసుకొచ్చే అయస్కాంతం
దక్షిణానికి తల వంచిందా,
పాయలు రెండూ ఉబ్బుతాయి, నడిమిది నలుగుతుంది.
వేల కోసుల మందం
గంటా గంటన్నరలో వందకి దిగిపోతుంది.
పలచనైంది కదా, నీరసించాలి.
నీరసించదు.
పారేది తగ్గలేదు, పారే చోటే తగ్గింది.
పలచబడేకొద్దీ చిక్కబడుతుంది.

క్లాసులో ఈ మాట దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది.
తెలుగు మీడియం, పదో తరగతి, తొమ్మండుగురు.
పోయినేడు పద్నాలుగు.
బెల్లు కొట్టగానే ఒడియాలో ఆడుకుంటారు,
దెబ్బ తగిలితే మాత్రం
అమ్మా అని తెలుగులోనే.

బనమాలి చెక్కలు విప్పాడు.
గాజుపెంకుతో పలకని గీకి
దీపానికి అడ్డం పెట్టాడు. నలుపు.
ఇంకాస్త గీకాడు.
ఈసారి తేనెరంగు, మధ్యలో ఒక నల్లనరం.
"ఇంకో రెండు గీకులు గీకితే?"
"పగుల్తాది. ఏ కాడ పగుల్తాదో
మా నాయినకీ తెల్దు."

మాకూ తెలీదు, బనమాలీ.
ఉపగ్రహాన్ని ఆ పొరలోనే నిలబెట్టినా
తెగాకే తెలుస్తుంది, పక్కనెక్కడో తెగిందని.
అప్పుడు ధ్రువాల మీద ఆకాశం
పచ్చగా మండుతుందట.
మన మహేంద్రతనయ మీద
ఎప్పటి చీకటే.

కరెంటొచ్చింది.
వీధి వీధంతా ఓ అని అరిచింది,
అది ఏ భాషో చెప్పలేం.
బనమాలి దీపం ఆర్పలేదు.
బొటనవేలితో అంచు తడుముతూ
పెంకు ఇంకో చేత్తో పట్టుకుని
అలాగే కూచున్నాడు.