వెన్నుపట్టీ

నిన్న నా థీసిస్ వెన్ను విరిగింది.
బల్ల మీంచి జారి ల్యాబు గచ్చు మీద బోర్లా పడింది
ఇరవై రెండేళ్ళు నిటారుగా నిలబడ్డది.
నల్గొండ బోరునీళ్ళలో ఫ్లోరైడ్, మూడొందల పన్నెండు పేజీలు.
నేను కాక నలుగురు చదివుంటారు
అందులో ఇద్దరు పరీక్షకులు.

ఎండిన జిగురు పెచ్చుల సందులోంచి
వేలెడు వెడల్పు కాగితం తొంగి చూసింది
చాయ రంగు. ఉర్దూ అక్షరాలు.
కింద ఒక కటకం బొమ్మ,
దానిలోంచి పోతూ పోతూ
కత్తెరకి తెగిపోయిన మూడు గీతలు.

బురాన్ సాబ్!

లైబ్రరీ వెనక మెట్ల కింద గది.
మైదా జిగురులో మైలుతుత్తం.
కెమిస్ట్రీ దాన్ని కదా, గడప దాటకుండానే ఆ నీలం పసిగట్టాను.
"పురుగు తినకుండ" అన్నాడు,
"లోపల రాసింది ఎవరు తిన్నా తినకున్నా."

ఆయనకి ఇంగ్లీషు రాదు.
బరువు చూసి శాఖ చెప్పేవాడు:
పల్చగుంటే లెక్కలు,
మడత పటాలుంటే భూగర్భం,
రెండు చేతుల లేవకపోతే చరిత్ర.
"నీది చూడనక్కర్లే బిడ్డా, వేళ్ళ మీద మచ్చలు చెప్తున్నయి."

గోడకి ఆనించి గోనెసంచులు.
ఈ గులాబీరాతి గోడల మధ్య
భౌతికశాస్త్రం ఉర్దూలో వినిపించిన రోజుల పాఠాలు,
ఒక్క మాటకి సాటి మాట కోసం
తర్జుమా శాఖలో పెద్దలు చాయ్ చల్లారేదాకా
పోట్లాడి తేల్చిన మాటలు
భాష మారాక తూకానికి పోగా మిగిలినవి.
వాటి మీద, అరవై తొమ్మిదిలో
ఎవరూ రాయని పరీక్షల ప్రశ్నపత్రాలు.
వాటి మీద మెస్ బాకీల చిట్టా,
పంచకుండానే తడిసిన కరపత్రాలు.

"కొత్త బుక్కు నిలబడాల్నంటే
ఎన్నుల పాత కాయితం పెట్టాలె.
కొత్తది ఇరుగుతది, పాతది వంగుతది."
వేదాంతం అనుకుని తలూపాను.
కాదు, కొత్త కాగితానికి
ఆఫీసు పైసలు ఇచ్చేది కాదు.

తర్వాత ఆ డిసెంబరులో
ఆర్ట్స్ కాలేజీ ముందు పొగగుండ్లు పడ్డ సాయంత్రం
ఇద్దరు పిల్లలు ఆ సంచుల వెనక దూరారట.
కళ్ళు తుడుచుకోను తడిగుడ్డ ఇచ్చి
"ఏ డిపార్ట్‌మెంటు?" అని అడిగాడట.
లా అన్నారట.
చెప్పి చెప్పి నవ్వేవాడు, దగ్గు వచ్చేదాకా.
ఆ దగ్గుతోనే పోయాడు, నాలుగేళ్ళకి.
గదిలో ఇప్పుడు కంప్యూటర్ల డబ్బాలు,
విప్పినవీ, విప్పనివీ.

కాగితం పట్టుకుని ఉర్దూ శాఖకి నడిచాను.
ఎమ్మే మొదటి ఏడు పిల్ల, నుజ్హత్,
కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి, తప్పుతూ దిద్దుకుంటూ చదివింది:
"వంకర గాజులోంచి పోయేటప్పుడు వెలుగు తన దారిని…"
అంతే ఉంది మేడమ్.
వదులుతుందా? వెతుక్కుంటుందా?

జవాబు నాకు తొమ్మిదో తరగతి నుంచీ తెలుసు.
ఎందుకో చెప్పబుద్ధి కాలేదు.
నువ్వైతే ఏం రాస్తావ్ అన్నాను.
ఆలోచిస్తా అంది. బెల్లు కొట్టారు.

రాత్రి తార్నాక ఇంట్లో మైదా ఉడికించాను.
ల్యాబు నుంచి పొట్లం కట్టి తెచ్చిన మైలుతుత్తం చిటికెడు.
పంతొమ్మిదేళ్ళ కాంట్రాక్టు నౌకరీలో
ఇది నా మొదటి దొంగతనం.
పాత పట్టీని దాని చోటనే అతికించాను.
దాని పక్కన కొంచెం ఖాళీ మిగిలింది.
ఈ ఏటి పొడిగింపు ఉత్తర్వుని
సంతకం దగ్గర, వేలెడు వెడల్పుకి కత్తిరించాను.

తెల్లారేసరికి ఆరుతుంది.
కదలకుండా పైన బరువు పెట్టాను
చరిత్ర వాళ్ళది ఒకటి, అరువు తెచ్చి.