ఎడమ చెవి

స్కాల్జో కొట్లో పిజ్జా చచ్చిపోయిందని
అందరికంటే ముందు కనిపెట్టింది నా ఎడమ చెవి.

ఇరవై ఆరేళ్ళు, ప్రతి శుక్రవారం,
స్కూలు బస్సు డిపోలో పెట్టేసి
మంచు బూట్లతోనే ఆ బల్ల ముందు కూలబడేవాణ్ణి.
రెండో ముక్క సగంలో ఉండగా
ఎడమ చెవి వెనక ఒక్క చుక్క చెమట పుట్టేది.
బఫెలో ఊరంతా గడ్డకట్టి ఉన్నా సరే,
ఈరీ సరస్సు గాలి వచ్చి తలుపుని తన్నుతున్నా సరే,
ఆ చుక్క మెడ దిగి కాలర్లోకి జారేది.
అప్పుడు నాకు వారం అయిపోయినట్టు.

ముసలి సాంటో మిరపకాయలు దంచి నూనెలో నానేసేవాడు.
కలాబ్రియా నుంచి అత్త పంపిందని ఒకసారి,
పెరట్లో తనే పండించానని ఇంకోసారి.
రెండూ అబద్ధాలే అయ్యుంటాయి.
కారం మాత్రం నిజం.
పెపరోనీ ముక్కలు అంచులు మాడి దొప్పల్లా ముడుచుకుంటే
దొప్ప దొప్పకీ ఇంత ఎర్ర నూనె.

సాంటో పోయాడు. అల్లుడొచ్చాడు.
మొదట గోడల రంగు మారింది. నేనేమీ అనలేదు.
తర్వాత నూనె సీసా పోయి
ఎండుమిరప పొట్లాలొచ్చాయి,
చింపితే రంపప్పొట్టు రాలినట్టు రాలేవి.
దొప్పలు ముడుచుకోవడం మానేసి
బిళ్ళల్లా పడుకున్నాయి.
చెవి వెనక తడుముకున్నాను. పొడి.

"కొట్టు కాదేమో, నీ నాలుకేమో" అన్నాడు ఓడెల్.
ముప్ఫయ్యేళ్ళు వెల్డింగు చేసినవాడు,
నిప్పు సంగతి తనకే తెలుసంటాడు.
నాకు అరవై మూడు. పూటకో బీపీ మాత్ర.
ఆ మాట రాత్రంతా పక్కలో ముల్లులా పొడిచింది.
పొద్దున్నే మార్కెట్లో ఒక్క హాబనెరో కాయ కొని
బస్సు అద్దంలో మొహం చూసుకుంటూ కొరికాను.
నషాళానికంటింది.
కళ్ళూ ముక్కూ గొంతూ కలిసి ఒకేసారి డ్యూటీకెక్కాయి.
ఓడెల్‌కి ఫోన్ చేశాను. మాట రాక
ఎక్కిళ్ళు వినిపించాను.
"సరే," అన్నాడు, "కొట్టే."

ఇక పదకొండు శుక్రవారాలు తిరిగాం.
చీక్టోవాగాలో బౌలింగ్ హాలు పక్కన 'అగ్నిపర్వతం' అమ్మారు,
మంటలన్నీ అట్టపెట్టె మీదే.
టోనవాండాలో కారం మీద తేనె పోశారు,
చంటిదానికి మందు పట్టినట్టు.
ఇంకోచోట తినేముందు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.
అక్కడ మంట ఉంది, రుచి లేదు.
తిట్టు ఉంది, తిట్టడానికో కారణం లేదు.
ఓడెల్ రెండు కిలోలు పెరిగాడు. నా మీద కోపం కూడా.

లాకవానాలో, మూతపడ్డ ఉక్కు ఫ్యాక్టరీ అవతల,
బట్టలుతికే దుకాణానికీ టైర్ల షాపుకీ మధ్య
అయిదు కుర్చీల కొట్టు.
బుష్రా అనే యెమెన్ ఆవిడ, గల్లా మీద కొడుకు హోంవర్కు.
"కారం ఎంత?" అంది.
"మీ ఇంట్లో ఎంత వేసుకుంటారో అంత."
రోడ్డు దాటబోయే పిల్లల్ని చూసినట్టు
మా ఇద్దర్నీ చూసింది.

చీజ్ కింద పచ్చగా ఏదో దాక్కుంది.
సహావిక్ అంది. పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి,
మిక్సీ కాదు, రాయి.
మొదటి ముక్కలో ఏమీ లేదు.
ఓడెల్ బిల్లు అడగడానికి చెయ్యెత్తాడు,
ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.
వెనకనుంచి వచ్చింది, ఆలస్యంగా,
తలుపు తట్టకుండా ఇంట్లోకొచ్చే చుట్టంలా.

"సాంటో కారమేనా?" కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.
కాదు. దీని దారి వేరు.
ఎడమ చెవి తడుముకున్నాను. పొడిగానే ఉంది.
కుడి చెవి వెనక
ఒక్క చుక్క.

స్కాల్జో ముందునుంచి వెళ్ళే రూటు నేనింకా మార్చుకోలేదు.
ఎర్రదీపం పడ్డప్పుడు మాత్రం పిల్లల్ని లెక్కపెట్టుకుంటాను.
మంచుకి బడులు మూసిన శుక్రవారాల్లో
తొందరపడి ముందే లాకవానా వెళ్ళిపోతాం.
ప్రార్థన అయ్యి ఆవిడ తలుపు తీసేసరికి మూడవుతుంది.
అందాకా కారులో కూచుంటాం, ఇంజన్ ఆపకుండా.
ఓడెల్ అద్దం మీద ఆవిరి తుడుస్తాడు.
నేను రెండు చెవులూ తడుముకుంటాను.